తుంచిన ఒక్క కంకి

అనగనగా ఒక రాజు. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొట్టకపోతే ఈ రాజు ముందుకు కదలడు. ఆ రాజు పేరు మణికేతు. ఆయనకు ముగ్గురు కొడుకులు. రాణి పేరు సౌగంధిని. రాణి అంటే హంసతూలికా తల్పం మీద కూర్చునే మనిషి అనుకునేరు! ఆవిడ పొద్దస్తమానం తోటలో మట్టి పిసుక్కుంటూ ఉండేది. ఆవిడ చేతి చలువ అలాంటిది, ఎండుపుల్ల గుచ్చినా చిగురు వేసేది.

ఆ తోటలో ఆవిడకు ప్రాణమైన మొక్క నీలికంకి. నాలుగు పలకల కాడ. ఆకు నలిపితే చెయ్యంతా ఘుమఘుమ. జొన్నకంకిలా నిటారుగా నీలం పూలు, ఒక్కో పువ్వుకి రెండేసి పెదవులు. పెద్ద కొడుక్కి కత్తి లోకం, రెండోవాడికి ఓడలు లోకం. చిన్నవాడు వసంతుడు మాత్రం అమ్మ కొంగు పట్టుకుని తోటలోనే తిరిగేవాడు.

"నీళ్ళు తక్కువ పొయ్యి నాన్నా. దీని కాళ్ళు తడిగా ఉంటే ఓర్చుకోదు" అనేది అమ్మ. "వాడిన కంకిని వాడినట్టే తుంచెయ్యి. తుంచితే మళ్ళీ పూస్తుంది. తుంచకపోతే గింజ కడుతుంది. గింజ కట్టిందంటే ఇక దాని పని అయిపోయినట్టే."

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఘోరకేశి అనే మంత్రగాడు సుడిగాలిలా వచ్చాడు. అందరూ చూస్తుండగానే రాణిని ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల వాడి కోట.

పెద్దవాడు సైన్యంతో వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు ఓడల నిండా బంగారం వేసుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇద్దరూ ఆ కోటగుమ్మం తాకి రాళ్ళైపోయారు. మూడోవాడు వసంతుడు ఉత్త చేతులతో బయలుదేరాడు. రాజు వద్దని ఏడ్చాడు. "అమ్మను తీసుకొస్తాను నాన్నగారూ" అని వసంతుడు మాటిచ్చాడు.

కోనేట్లో తాబేలు ఒకటి తల బయటపెట్టింది. "మీ అమ్మ వేసిన ఆకు తిని పెరిగినదాన్ని. ఎక్కు బాబూ నా వీపు" అంది. ఒక సముద్రం, రెండు సముద్రాలు, మూడు సముద్రాలు... ఏడూ దాటించింది. "గుమ్మం తాకకు. తోటమాలినని కేకెయ్యి. వాడి మాలి చచ్చిపోయి నెలయింది" అని చెప్పి నీళ్ళలోకి జారింది.

"తోటమాలినండీ!" అని కేకేశాడు వసంతుడు.

ఘోరకేశి పరుగున వచ్చి తలుపు తీశాడు. మనిషి పీలగా ఉన్నాడు, మొహం కళ తప్పింది. "మాలివైతే మూడు పరీక్షలు నెగ్గు" అన్నాడు. ఎండిన మొక్కలు వంద చూపించి ప్రాణం ఉన్నదేదో చెప్పమన్నాడు. వసంతుడు గోటితో బెరడు గీకి లోపల పచ్చగా ఉన్నదాన్ని పట్టేశాడు. కళ్ళకు గంతలు కట్టి, ఒక రెమ్మ చేతికిచ్చి, మొక్క పేరు చెప్పమన్నాడు. వసంతుడు నాలుగు పలకల కాడ తడిమి, ఆకు వాసన చూసి, నీలికంకి అన్నాడు.

మూడో పరీక్షకు నడిమి వాకిట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒకే ఒక్క నీలికంకి మొక్క, కంకులన్నీ వాడి వేలాడుతున్నాయి. పక్కనే చెయ్యి చాచిన ఆడపిల్ల రాతిబొమ్మ. పైన బంగారు పంజరంలో ముక్కు వాల్చేసిన తేనెపిట్ట. "ఇరవై రోజుల్లో ఇది పూయాలి. పూయకపోతే నువ్వూ రాయివే" అన్నాడు ఘోరకేశి.

ఇది వసంతుడికి వెన్నతో పెట్టిన విద్య. వాడిన కంకులన్నీ తుంచేశాడు. మొక్క బోసిగా మిగిలింది. ఘోరకేశి లబోదిబోమన్నాడు. "పాతవి పోతేనే కొత్తవి వస్తాయండి" అన్నాడు వసంతుడు. ఇరవయ్యో రోజుకి మొక్క నిండా నీలం పూలు! పిట్ట తేనె తాగి రెక్కలు విదిల్చింది. ఘోరకేశి ఒళ్ళు నిగనిగలాడింది.

వాడు వెళ్ళాక ఒక పువ్వు పెదవులు కదిలాయి.

"ఎంత పొడుగయ్యావురా నాన్నా."

అమ్మ గొంతు! వసంతుడు ఆ మొక్కను చుట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పట్టలేని ప్రేమతో కడవల కొద్దీ నీళ్ళు తెచ్చి పోశాడు. మర్నాటికి ఆకులు పసుపెక్కాయి. "నీళ్ళు తక్కువని చెప్పలేదూ?" అని పువ్వు నవ్వింది. ఇద్దరూ నవ్వారు. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

ఐదో రోజు అమ్మ అసలు మాట చెప్పింది.

"వాడి ప్రాణం ఆ పిట్టలో ఉంది నాన్నా. దాన్ని పట్టబోతే ఈ బొమ్మలా రాయైపోతారు. పిట్టకి ఈ తేనె తప్ప మరొకటి పనికిరాదు. వాడు ఎన్ని మొక్కలు పెట్టినా చచ్చిపోతుంటే, నా చేతి చలువ చూసి నన్నే మొక్కను చేశాడు. నేను పూసినంతకాలం వాడు బతుకుతాడు. నువ్వు పదిరోజులు ఆలస్యంగా వచ్చుంటే గింజ కట్టేసేదాన్ని, వాడూ పోయేవాడు."

"అయితే నేనే వాణ్ణి బతికించానా?"

"తెలియక చేశావు. ఇక తుంచకు."

"గింజ కడితే నువ్వు?"

"నేను మళ్ళీ మనిషినయ్యే దారి లేదు నాన్నా. గుమ్మంలో మీ అన్నయ్యలు రాళ్ళై ఉన్నారు, వాడు పోతేనే వాళ్ళు లేస్తారు. వాళ్ళకి తల్లినే కదా నేను."

వసంతుడు తుంచడం మానేశాడు. పూలు ఒక్కొక్కటే రాలాయి. పువ్వు రాలిన కొద్దీ అమ్మ గొంతు సన్నబడింది. మొదటి వారం ఘోరకేశి దగ్గాడు. రెండో వారం కర్ర పట్టాడు. "ఏరా, పూలేవి?" అని గద్దిస్తే, "పాతవి పోతేనే కదండీ" అని వసంతుడు తల వంచుకున్నాడు. అదివరకు కళ్ళారా చూసినవాడు, నమ్మి ఊరుకున్నాడు.

మూడో వారం మూడే పూలు మిగిలాయి. అమ్మ మాట వినాలంటే చెవి ఆనించాలి. వసంతుడు ఓర్చుకోలేకపోయాడు. ఒక్క కంకి, ఒకే ఒక్కటి, గోటితో తుంచేశాడు. వారం తిరిగేసరికి పక్కన లేత కంకి వచ్చి నాలుగు పూలు పూసింది. ఘోరకేశి కర్ర పారేసి తిరిగాడు.

ఆ నాలుగు పూలూ వసంతుడితో మాట్లాడలేదు. "అమ్మా, కోపమా?" అని ఎంత బతిమాలినా పెదవి కదలలేదు. వాడు తన కుడిచేతిని తనే కొట్టుకున్నాడు. మళ్ళీ మొక్కను తాకలేదు.

చివరి పువ్వు మిగిలిన రోజున, మంచం పట్టిన ఘోరకేశి లోపలినుంచి "మాలీ, నీళ్ళు!" అని అరిచాడు. వెళ్ళకపోతే అనుమానపడతాడని వసంతుడు వెళ్ళాడు. వచ్చేసరికి పువ్వు నేల మీద ఉంది. అమ్మ చివరిమాట ఏదైనా అందో లేదో వాడికి తెలియలేదు.

గింజలు నల్లబడ్డాయి. మొక్క ఎండింది. పిట్ట రాలింది, మంచం మీద ఘోరకేశీ పోయాడు. గుమ్మంలో రాళ్ళు కదిలి అన్నలు లేచారు. "అమ్మ ఏదిరా?" అన్నారు. వసంతుడు గుప్పిట తెరిచి నల్లటి గింజలు చూపించాడు.

వాకిట్లో రాతిబొమ్మ కూడా మనిషైంది. ఎప్పుడో ఆ పిట్టను పట్టబోయి రాయైన రాజకుమారి తరళ. ఒళ్ళు కదిలింది గానీ గొంతు ఇంకా కరగలేదు, మాట రాదు. ఆమెనూ రెండోవాడి ఓడలో వెంటబెట్టుకుని ఇంటికి చేరారు.

వసంతుడు ఇసుక కలిపిన మట్టిలో గింజలు చల్లాడు. మొలకలొచ్చాయి, మొగ్గలొచ్చాయి, ఒక ఉదయం తొలి పువ్వు విచ్చుకుంది. ముసలి రాజు కర్ర పట్టుకుని పరుగున వచ్చి, మోకాళ్ళ మీద కూలబడి పువ్వుకి చెవి ఆనించాడు. పెద్దవాడు ఆనించాడు, రెండోవాడు ఆనించాడు, వసంతుడు ఆనించాడు. పువ్వు పువ్వులాగే ఉంది.

"అమ్మకి ఇంకా నా మీద కోపమే" అని వసంతుడు మొహం కప్పుకున్నాడు.

"కోపం లేదు."

అందరూ తిరిగి చూశారు. తరళ. ఏడాదికి తొలిసారి నోరు తెరిచింది. గొంతు బొంగురుగా ఉంది.

"రాయినైనా నాకు చెవులున్నాయి. మీరు నీళ్ళివ్వడానికి లోపలికి వెళ్ళినప్పుడు మీ అమ్మగారు నాతో అన్నారు. 'ఓ పిల్లా, నీకు ఎప్పుడైనా మాటొస్తే మా చిన్నవాడితో చెప్పు. ఆ నాలుగు పూలూ నేను వాడి కోసమే పూశాను. మాట్లాడితే మళ్ళీ తుంచుతాడని నోరు కట్టేసుకున్నాను' అన్నారు."

వసంతుడు చంటిపిల్లాడిలా బావురుమన్నాడు.

తరవాత తరళకీ వసంతుడికీ పెళ్ళైంది. అన్నలిద్దరూ చెరో సీమకి రాజులయ్యారు, వసంతుడు తండ్రి గద్దె ఎక్కి చాలాకాలం చల్లగా ఏలాడు. తోటలో నీలికంకి మళ్ళన్నీ తుంచి పూయించేవాడు. ఒక్క వరస మాత్రం తుంచకుండా గింజకి వదిలేసేవాడు. ఆ వరస దగ్గర కూర్చుని, అమ్మ ఒంటరిగా రాతిబొమ్మకి చెప్పుకున్న మాటలన్నీ తరళ నోట రోజుకొకటి వినేవాడు. అవి వాడి జీవితమంతా సరిపోయాయి.

మన కథ ఏ ఊరికీ పోలేదర్రా, ఆ తుంచని వరస దగ్గరే కూర్చుంది. ఇక ఊ కొట్టడం ఆపి, లేచి అన్నాలకు రండి.