పడమటి వంపు

పడమటి వంపులో మూడో గుర్రం కూడా పడ్డాక ఓవర్సీరు గోవర్ధనానికి అన్నం సయించడం మానేసింది.

గండ్లకోట సంస్థానంలో గుర్రప్పందేల బాట వేసింది అతనే. మద్రాసులో చదువుకుని వచ్చినవాడు. అంతకుముందు రెండు వంతెనలు కట్టాడు, అయిదారు చెరువులకు తూములు పెట్టాడు. ఏదీ బీట వారలేదు. పందేల బాట వేయమని రాజావారు పిలిచి చెప్పినప్పుడు, నక్షా గీయడానికే నెల రోజులు తీసుకున్నాడు. అటొకటి ఇటొకటి తిన్నని బాటలు. వాటిని కలుపుతూ తూర్పున ఒక అరవృత్తం, పడమట ఒక అరవృత్తం. కంపాసు పెట్టి గీసిన ఆ గీతలో వెంట్రుకవాసి తేడా లేదు. నేల మీద కూడా అంతే. తాడు పట్టించి, మేకులు కొట్టించి, లోపలి అంచు పొడుగునా రాతి కూసాల కంచె వేయించి, తనే దగ్గరుండి చూసుకున్నాడు.

తూర్పు వంపులో ఏ ఇబ్బందీ లేదు. పడమటి వంపులోనే ఏడాదిలో మూడు గుర్రాలు పడ్డాయి. మొదటి రెండుసార్లు రౌతులు దోక్కుపోయిన మోచేతులతో లేచి వచ్చారు. మూడోసారి కుల్లాయప్ప లేవలేదు. గుర్రం అతని మీదుగా దొర్లింది. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది.

కుల్లాయప్ప పన్నెండేళ్ళుగా సంస్థానం గుర్రాలు ఎక్కుతున్న రౌతు. అతణ్ణి మంచం మీద వేసి ఆసుపత్రికి మోసుకుపోతుంటే గోవర్ధనం పక్కనే నడిచాడు. నడిచాడు గానీ, ఇంటికి వచ్చి దివాన్ గారికి రిపోర్టు రాయడానికి కూర్చున్నప్పుడు కలం వేరే దారి పట్టింది. రెండు వంపులూ ఒకే కొలతతో వేసినవనీ, తూర్పున పడని గుర్రాలు పడమట పడుతున్నాయంటే లోపం బాటది కాదనీ, రౌతులు అజాగ్రత్తగా కళ్ళెం లాగడం వల్లనే ఇలా జరుగుతోందనీ రాశాడు. రాసింది అబద్ధమని అతను అనుకోలేదు. లెక్క అలాగే తేలింది.

ఆ కాగితం దివాన్ గారి బల్ల మీదికి చేరితే కుల్లాయప్పను కొలువులోంచి తీసేస్తారు. కాలు బాగుపడినా మళ్ళీ గుర్రం ఎక్కనివ్వరు. గోవర్ధనానికి ఆ సంగతి తెలుసు. అందుకే మడత పెట్టిన రిపోర్టు మూడు రోజులుగా చొక్కా జేబులోనే ఉండిపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే మొహిద్దీన్ ఉస్తాద్ దగ్గరికి బయలుదేరాడు.

ఉస్తాద్ ఒకప్పుడు సంస్థానం అశ్వదళంలో గుర్రాలకు నడక నేర్పినవాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. గుర్రాల సాల పక్కన పెంకుటి గదిలో ఒక్కడే ఉంటూ, రౌతులకు స్వారీ నేర్పుతూ, మిగతా పొద్దంతా అల్లాను తలుచుకుంటూ గడిపేవాడు. ఆయన పక్కన ఊరికే కూర్చున్నా మనసు నిమ్మళిస్తుందని ఊళ్ళో నలుగురైదుగురు గురువారం గురువారం వచ్చేవారు. వాళ్ళలో గోవర్ధనం ఒకడు. ఆరేళ్ళ క్రితం భార్య పోయినప్పుడు మొదటిసారి వచ్చాడు. ఆనాడు ఉస్తాద్ ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. గుర్రం ఒళ్ళు తోమే బ్రష్ చేతికిచ్చి ఒక ముసలి గుర్రం దగ్గర నిలబెట్టాడు. మధ్యాహ్నం దాకా తోమాక గోవర్ధనానికి అన్నాళ్ళూ రాని ఏడుపు వచ్చింది. అప్పటి నుంచీ ఆయనే గురువు.

అతను వెళ్ళేసరికి సాయీసులు గుర్రాలను కడిగి కట్టేస్తున్నారు. సాల ముందు ఇసక వాకిలి తడితడిగా ఉంది. ఉస్తాద్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గోవర్ధనం నక్షా విప్పి చూపించాడు. రిపోర్టు సంగతి కూడా దాచకుండా చెప్పాడు. చెప్పి, తను వచ్చిన పని అడిగాడు.

"దసరా పందేలకు నెల్లాళ్ళు కూడా లేదు ఉస్తాద్. పన్నెండు గుర్రాలు పరుగెత్తుతాయి. వంపు తిరగడం మీరు రౌతులకు ఇంకాస్త గట్టిగా నేర్పితే, మళ్ళీ ఎవరికీ దెబ్బ తగలదు."

ఉస్తాద్ నక్షాను అటు తిప్పీ ఇటు తిప్పీ చాలాసేపు చూశాడు. పడమర ఎటో అడిగి తెలుసుకున్నాడు. తర్వాత కాగితం జాగ్రత్తగా చుట్టి ఇచ్చేశాడు.

"ఈ వంపును ఇక్కడ వాకిట్లో గీస్తావా బేటా? మనిషి పరుగెత్తేంత చిన్నగా."

గోవర్ధనానికి సంతోషమే అయింది. తనకు చేతనైన పని. సాయీసు దస్తగిరిని అడిగి ఒక మేకు, తాడు, సున్నం డబ్బా తెప్పించుకున్నాడు. ఇరవై గజాల తిన్నని గీత, దాని కొస నుంచి మేకు చుట్టూ అరవృత్తం, మళ్ళీ తిన్నని గీత. తడి ఇసక మీద సున్నం తెల్లగా, తీరుగా పడింది. వెనక్కి జరిగి చూసుకున్నాడు. వంక పెట్టడానికేమీ లేదు.

"చెప్పులు విప్పి దాని మీద నడువు," అన్నాడు ఉస్తాద్.

నడిచాడు. ఒక్క అడుగు కూడా గీత దాటలేదు.

"ఇప్పుడు పరుగెత్తు. నీకెంత బలముంటే అంత."

గోవర్ధనం తటపటాయించాడు. నలభై ఏళ్ళకు దగ్గర పడ్డ మనిషి, సంస్థానం ఓవర్సీరు. సాయీసులు చూస్తున్నారు. ఉస్తాద్ రెండోసారి చెప్పలేదు, అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఇక పంచె ఎగగట్టి పరుగెత్తాడు. తిన్నని గీత అయిపోయిన చోట ఒళ్ళు ఇంకా తిన్నగానే పోయింది. కాలు గీత దాటి బయట పడింది.

ఉస్తాద్ మళ్ళీ అన్నట్టు చెయ్యి ఊపాడు. ఈసారి గీత మీంచి చూపు తిప్పకుండా పరుగెత్తాడు. సరిగ్గా అదే చోట రెండడుగులు బయటికి పోయాడు. మూడోసారి పంతం వచ్చింది. ఏమైనా సరే గీత వదలకూడదని వంపు దగ్గర ఒంటిని బలవంతంగా తిప్పాడు. మరుక్షణం కుడి భుజం మీద ఇసకలో పడి ఉన్నాడు. సాయీసులు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. లేవదీయడానికి దస్తగిరి రాబోతే ఉస్తాద్ చేత్తోనే ఆపి, తనే అరుగు దిగి వచ్చాడు.

"ఏమైంది?"

"తప్పు నాదే ఉస్తాద్. సరిగ్గా తిరగలేకపోయాను."

"అయితే నీ మీద కూడా ఒక రిపోర్టు రాయి."

ఆ గొంతులో కోపం లేదు, వెక్కిరింపు అసలే లేదు. గోవర్ధనం ఇసకలో అలాగే కూర్చుండిపోయాడు. చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. లోపల కాగితం తడిసి మెత్తబడింది.

ఉస్తాద్ చీపురు తెచ్చి, వంపు దగ్గరి సున్నం గీతనూ దానికి ముందున్న కొంత తిన్నని గీతనూ ఊడ్చేశాడు. మేకు మాత్రం ఉంచాడు.

"మేకు చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళు. ఎలా తిరగాలో నీ కాళ్ళకే వదిలెయ్యి."

గోవర్ధనం లేచి వెనక్కి వెళ్ళి మళ్ళీ పరుగెత్తాడు. ఈసారి పడలేదు. తూలనైనా తూలలేదు. అవతల ఆగి వెనుదిరిగి చూస్తే, ఉస్తాద్ సున్నం డబ్బా పట్టుకుని నడుం వంచి, అతని అడుగుల్లో ఒక్కొక్కదానిలో చిటికెడు సున్నం వేస్తున్నాడు. తను వేస్తానని వెళ్తే తల అడ్డంగా ఊపాడు. ముసలి ప్రాణం, మధ్యలో రెండుసార్లు నడుం పట్టుకుని ఆగాడు. చివరి అడుగు దాకా వేసి, డబ్బా కింద పెట్టి, చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయాడు.

గోవర్ధనం ఆ తెల్లని అడుగులు చూస్తూ నిలబడ్డాడు.

తను గీసిన వంపు మొదలయ్యే చోటికి ఏడెనిమిది అడుగుల ముందే కాళ్ళు లోపలికి మళ్ళాయి. ఎక్కడ మళ్ళాయో వేలు పెట్టి చూపించలేనంత మెల్లగా మళ్ళాయి. పోగా పోగా వంపు బిగిసింది, మేకు దాటాక మళ్ళీ అలాగే మెల్లగా విడిచింది. వంపులో పడిన ప్రతి అడుగుకూ బయటి అంచు లోతుగా దిగి, ఇసక ఆ పక్కకు చిన్న గట్టులా లేచి ఉంది. ఆ వైపు నేల కాస్త ఎత్తుగా ఉంటే బాగుండునని పాదం అడిగినట్టుంది.

అప్పుడు తట్టింది అతనికి. తూర్పు వంపుకు గుర్రాలు మెరక ఎక్కి వస్తాయి. అలిసి, నిదానించి, తను మొదట గీత మీద నడిచినట్టు తిరిగిపోతాయి. పడమటి వంపుకు పల్లంలో దౌడు తీస్తూ వస్తాయి. వాటిని తన గీత చివరి అంగుళం దాకా తిన్నగా పొమ్మని చెప్పి, ఆ తర్వాత ఒక్కసారిగా తిరగమంటోంది.

ఆ ఇసక బట్టలతోనే ఆసుపత్రికి వెళ్ళాడు. కుల్లాయప్ప కాలికి బరువు వేలాడదీసి పడుకోబెట్టారు. గోవర్ధనం పక్కన కూర్చుని, తను రాసిన రిపోర్టు సంగతి చెప్పి, దాన్ని అతని ముందే చింపేశాడు.

"ఆ వంపులో గుర్రానికి ఏమవుతుంది కుల్లాయప్పా? నువ్వు చెప్పు."

ఏడాదిగా ఆ మాట అతణ్ణి ఎవరూ అడగలేదు.

"అది ముందుగానే అడుగుతాది సామీ. వంపు ఇంకా రాకముందే తల లోపలికి వంచుతాది. ఆడ కంచె ఉండాది కదా, నేను బయటికి లాగి పట్టాల. కంచె తిరిగినాక ఒకేసారి తిప్పాల. పల్లంలో వచ్చేది, ఎట్ల తిరుగుతాది? ప్రతిసారీ మన్నించమని దానికి మనసులోనే చెప్పుకుంటా ఉంటి."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"మీరు చదువుకుని గీసినారు కదా సామీ. అదే సరైందేమో అనుకుంటి."

గోవర్ధనం అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తొడ విరిగి పడుకున్నవాడు తనను ఒక్క మాట అనకపోవడం, అడిగిన వెంటనే దాచుకోకుండా చెప్పడం అతని గుండెను పట్టేసింది.

కొత్త రిపోర్టు ఆ మంచం పక్కనే రాశాడు. లోపం బాటదనీ, బాట వేసింది తాననీ, దసరాలోగా సరిచేస్తాననీ రాసి కింద సంతకం పెట్టాడు. దివాన్ గారు పిలిపించి గట్టిగానే చీవాట్లు పెట్టారు. రౌతు కొలువుకు ఢోకా లేదన్నారు. ఓవర్సీరు కొలువు సంగతి మాత్రం పందేలు అయ్యాక చూస్తామన్నారు.

మర్నాటి నుంచే పని మొదలైంది. కాలు కదలకుండా పలకల మధ్య కట్టించి, వైద్యుడి అనుమతి తీసుకుని, కుల్లాయప్పను మంచంతో సహా మెల్లగా బాట దగ్గరికి మోయించుకొచ్చారు. గుర్రం తల వంచే చోటు ఇది అని అతను బెత్తంతో చూపించాడు. గోవర్ధనం అక్కడ మేకు కొట్టాడు. అది పాత వంపుకు అరవై గజాల ముందుంది. లోపలి కంచెను అక్కడి నుంచి మెల్లగా మళ్ళించారు. బండ్లతో మట్టి తోలించి వంపు బయటి అంచును ఎత్తు చేశారు. నీళ్ళు చల్లి, రోలరు లాగించి గట్టిపరిచారు. వాన నీరు నిలవకుండా లోపలి వైపు కాలవ తీశారు. కంచెకున్న రాతి కూసాలు పీకించి గోవర్ధనం వాటి చోట వెదురు పెట్టించాడు. ఎవరైనా తగిలితే విరిగేది కర్రే కావాలన్నాడు.

దసరా నాడు రాజావారి డేరా దగ్గర అతనికి కుర్చీ వేశారు. అతను అక్కడ కూర్చోలేదు. పడమటి వంపు దగ్గర, బాటకు బయట నిలబడ్డాడు. పక్కన మంచం మీద కుల్లాయప్ప. పల్లంలోంచి డెక్కల చప్పుడు దగ్గరవుతుంటే గోవర్ధనం కళ్ళు మూసుకున్నాడు.

"చూడండి సామీ," అన్నాడు కుల్లాయప్ప.

చూశాడు. పన్నెండు గుర్రాలూ ఇంచుమించు ఒకేసారి తలలు లోపలికి వంచాయి. ఒక్క రౌతూ కళ్ళెం బయటికి లాగలేదు. ఎత్తు చేసిన నేల మీద ఒరిగి, ఒకదాని వెంట ఒకటి వంపు తిరిగి వెళ్ళిపోయాయి. దుమ్ము అణిగాక నేల మీద ఏమీ పడి లేదు. కుల్లాయప్ప మొహం తుడుచుకుంటున్నాడు. ఏ గుర్రం గెలిచిందో గోవర్ధనం మర్నాడు వేరేవాళ్ళను అడిగి తెలుసుకున్నాడు.

ఆ సాయంత్రమే ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు.

"మీకు ముందే తెలిసినా నాకు చెప్పకుండా, నా కాళ్ళతోనే నాకు తెలిసేలా చేశారు. ఈ మేలు ఎన్నటికీ మరిచిపోను."

ఉస్తాద్ అతణ్ణి లేవదీసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొదటి గుర్రం పడినప్పుడు ఆ రౌతును తనే తిట్టానని మెల్లగా చెప్పాడు. రెండో రౌతునైతే వారం రోజులు గుర్రం ముట్టనివ్వలేదట. ఈమధ్యే వాళ్ళిద్దరి ఇళ్ళకూ వెళ్ళి మన్నించమని అడిగి వచ్చాడట.

గోవర్ధనం తెల్లబోయి చూశాడు. "అయితే ఆ రోజు మీకు తెలియదా?"

"తెలిస్తే నిన్నెందుకు పరుగెత్తిస్తాను బేటా? చెప్పేసేవాణ్ణి కదా," అన్నాడు ఉస్తాద్. "నువ్వు పడ్డాక తెలిసింది. శుక్రియా."

అని, గుండె మీద చెయ్యి వేసుకుని శిష్యుడికి తల వంచాడు.