అవతలి గట్టు పొగ

సన్నటి ఏటికి ఇటొక కోట, అటొక కోట ఉండేవి. అవతలి కోటలో పొగ లేచినకొద్దీ ఇవతలి రాజు రణధీరమల్లుడికి గుండెదడ పెరిగేది. "చూశావా, వాళ్లు ఈటెలు కొడుతున్నారు! నువ్వు ఇంకో వెయ్యి కొట్టు" అని కమ్మరి కాళాచారిని తరిమేవాడు. ఇక్కడ పొగ దట్టమైతే అక్కడా దట్టమయ్యేది. కాళాచారికి తాను పదును పెట్టే ప్రతి ఈటే అవతలి ఒడ్డున కాపురముంటున్న కూతురి గుమ్మం వైపే చూస్తున్నట్టుండేది.

ఒకరోజు తెగించి అన్నాడు. "ప్రభూ, వాళ్లు మన పొగ చూసి భయపడుతున్నారు. రేపొక్కరోజు మన కొలుములు ఆర్పించండి. వాళ్లవీ ఆరతాయి."

"ఆరకపోతే?"

"నా మెడ నరికించండి."

రేపు అమావాస్య. ఆ రోజు ఏ ఒడ్డు కమ్మరీ కొలిమి రాజెయ్యడు. పుట్టి బుద్ధెరిగి కొలిమి గడప తొక్కని, పొగ లేచిన రోజులే లెక్కపెట్టుకునే రాజుకు ఆ సంగతేం తెలుసు?

తెల్లారింది. అవతల పొగ లేదు. రాజు నోరు వెళ్లబెట్టాడు. "ఇక నేను చెప్పేదాకా కొలిమి ముట్టొద్దు!" అన్నాడు.

కాళాచారికి అసలు భయం అప్పుడు మొదలైంది. మర్నాడు పాడ్యమి. వాళ్ల కొలుములు రాజుకుంటే ముందు తన మెడ తెగుతుంది, ఆ తర్వాత యుద్ధమే. పొద్దున్నే రాజు పక్కన కోటగోడ మీద నిలబడి అవతలి ఒడ్డుకేసి చూశాడు.

పొగ లేవలేదు.

అవతలి గోడ మీద వాళ్ల రాజు నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన ఒక కమ్మరి, మెడ తడుముకుంటూ ఇటే చూస్తున్నాడు.