బొల్లి పలికిన సాయంత్రం

అది 1972వ సంవత్సరం. ఆషాఢం సగం దాటినా చినుకు పడలేదు. చెరువు నెర్రెలు విచ్చింది, వాగులో ఇసుక తేలింది. మనుషులు మూటలు కట్టుకుని కాలువల కింది ఊళ్లకు పనులకు వెళ్లిపోయారు. ఎవరూ కొనని పశువులు వాగు గట్టున పాత దొడ్డిలో మిగిలాయి. కొన్ని మేకలు, వాటి పిల్లలు, బూదెమ్మ అనే ఒట్టిపోయిన గేదె, ఒక జుట్టుకోడి.

ఆ దొడ్డికి పెద్ద గడ్డపోతు. ముసలి మేకపోతు, ఎవరినీ నమ్మే రకం కాదు. అది నడిపించే కట్టుబాటు ఒకటుంది. పొద్దు వాలగానే తల్లులు వాకిట్లో నిలబడి పేరుపేరునా పిల్లలను పిలవాలి. అందరూ పలికాకే ముళ్లకంపను వాకిలికి అడ్డం లాగాలి. ఎవరైనా పలక్కపోతే కంప తెరిచే ఉంచి, అందరూ కలిసి వెతకాలి. వాగు అవతలి దిబ్బ మీద ఒక నక్క ఉంది. ఆ వాకిలి వైపు చూడని సాయంత్రం దానికి లేదు.

కర్రి అనే మేకకు ఒక్కడే కొడుకు, బొల్లి. వాడికి చెవులు బాగా వినిపిస్తాయి, నోరు మాత్రం పలకదు. కర్రి పిలుస్తుంది, వాడు మూలన నిలబడి చూస్తుంటాడు. దొడ్డంతా వెతుకులాట మొదలవుతుంది.

"ఒసే కర్రీ, నీ కొడుకు లోపలున్నాడో బయటున్నాడో రోజూ మేమంతా దేవులాడాలా?" అంది గడ్డపోతు.

"వాడికి నోరు రాదని నీకు తెలీదా మామా?"

"నాకు తెలుసు. అవతల కూర్చున్న నక్కకీ తెలుసు. అమావాస్య దాకా ఓర్చుకుంటా. ఆ తర్వాత మూడు పిలుపులకు పలక్కపోతే కంప మూసేస్తాం. లోపలుంటే వాడి అదృష్టం."

అమావాస్య పన్నెండు రోజుల్లో ఉంది.

మర్నాడు ఎండిన చెరువు వైపు నుంచి ఒక కొంగ నడుచుకుంటూ వచ్చి కంచె బయట నిలబడింది. కర్రి గోడు విన్నది.

"పిల్లవాడికి నేను నేర్పను. మీలో ఇద్దరికి నేర్పుతా. నీళ్లు దొరికిన చోటికి నేను వెళ్లిపోయేదాన్ని. ఆ తర్వాత వాడి దగ్గర ఉండేది మీరే కదా? నలభై రోజులు పడుతుంది."

గడ్డపోతు గడ్డం ఎగరేసింది. "చేపలు అయిపోయాయని ఇప్పుడు మేకపిల్లల మీద పడ్డావా?"

"ఈ ముక్కుతో మేకపిల్లను ఎలా మింగుతారో నువ్వే చెప్పు."

"ఊరికే మేలు చేసే కొంగను నేనింతవరకు చూడలేదు."

"ఊరికే కాదు. మీ కంపలో మిడతలున్నాయి, అవి నాకు చాలు. ఇంకో సంగతి, నా పిల్లల్లో ఒకటి ఇలాంటిదే. అది చెప్పేది నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది."

"కథలు బాగానే చెప్తోంది" అని గొణిగింది గడ్డపోతు. కర్రి కళ్లనీళ్లు పెట్టుకునేసరికి ఒప్పుకుంది గాని, "కంచె బయటే నేర్పు. నా కంట పడేట్టు నిలబడు" అంది.

నేర్చుకోవడానికి గేదె, కోడి ముందుకొచ్చాయి. గేదెకు వేరే పని లేదు. కోడికి ప్రతి పనీ తనదే.

"మొదటి అయిదు రోజులు వాడితో మాట్లాడొద్దు, వాణ్ని చూడండి. పొద్దు వాలేముందు వాడు మీకేం చెప్పాడో నాకు చెప్పండి" అంది కొంగ.

"మాట రానివాడు ఏం చెప్తాడు? నీకేమైనా మతి పోయిందా?" అంది కోడి.

మొదటి రోజు కోడి వచ్చి, "ఏమీ చెప్పలేదు. ముప్పై సార్లు అడిగాను, ఒక్కదానికీ జవాబు లేదు" అంది.

"అడగొద్దన్నాను కదా?"

"అడక్కుండా ఎట్లా ఊరుకుంటారు? పాపం, వాడి తరఫున నేనే జవాబులు కూడా చెప్పాను."

గేదె కాసేపు నెమరేసి అంది: "మధ్యాహ్నం వాడు నా నీడను చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. మళ్లీ నీడను చూశాడు. నేను పక్కకు జరిగాను. వచ్చి నీడలో పడుకున్నాడు."

"అది మాటే బూదెమ్మా. వాడు అడిగాడు, నువ్వు విన్నావు."

అయిదు రోజులయ్యేసరికి గేదెకు చాలా తెలిసింది. బొల్లి కుడి గిట్టతో నేల గీకితే వద్దని. రెండు చెవులూ వెనక్కి పెట్టి పక్కకు తిరిగితే భయమని. తర్వాతి మూడు రోజులు కొంగ ఇంకోటి నేర్పింది. ఏదైనా అడిగాక పది ఊపిర్లు తీసేంతసేపు నోరు మూసుకుని ఆగాలి. వాడు ఏ గుర్తు చూపినా వెంటనే దానికి తగ్గట్టు నడుచుకోవాలి. తను చెప్తే పని జరుగుతుందని వాడికి తెలియాలి. కోడి రెండు ఊపిర్లకే కొక్కొరోమనేది. గేదె మాత్రం పది దాకా ఆగేది, ఒక్కోసారి మరిచిపోయి పదిహేను దాకా.

ఎనిమిదో రోజు గేదె గడ్డపోతు దగ్గరికి వెళ్లింది. "తల్లి పిలిచినప్పుడు వాడు దొడ్డిలోని రాతితొట్టి మీద గిట్టతో రెండు దెబ్బలు కొడతాడు. దాన్నే పలికినట్టు అనుకుందాం."

"గిట్ట చప్పుడు విని కంప మూస్తామా? నోటితో పలికితేనే పలికినట్టు. మా తాతల కాలం నుంచీ అంతే."

ఆ మధ్యాహ్నం గడ్డపోతు కంచె వారన తుమ్మకాయలు ఏరుకుంటుంటే అవతలి నుంచి నక్క గొంతు వినిపించింది.

"మామా, ఆ కొంగ ఒంటికాలి మీద నిలబడి పొద్దస్తమానం ఏం చూస్తోందో అడిగావా?"

"దూరంగా ఉండు. కొమ్ము విసిరానంటే పేగులు కింద పడతాయి."

"దూరంగానే ఉన్నా. ఒకటే అడుగుతున్నా. దొడ్డిలో ఏ పిల్ల అరవగలదు, ఏది అరవలేదు అని ఇన్ని రోజులు కనిపెట్టుకోవాల్సిన అవసరం ఎవరికుంటుంది?"

గడ్డపోతు నమలడం ఆపింది. "నీకెందుకు ఈ బాధ? మా మీద ప్రేమా?"

"ప్రేమా పాడా. చెలమ దగ్గర నా పీతలన్నీ ఆ కొంగే మింగింది. అది ఇక్కణ్నుంచి పోవాలి, అంతే."

నక్క మీ మేలు కోసం అని ఉంటే గడ్డపోతు నమ్మేది కాదు. పగ అన్నాక నమ్మింది.

"మాటలు నేర్పేది కావాలంటే ఒక చిలక ఉంది. పటేలు ఇంటి పంజరంలో నాలుగేళ్లు పెరిగింది. మూడు రోజుల్లో పలికిస్తుంది. నేను మీ దొడ్డి జోలికి రాను, దాన్ని పంపిస్తా" అంది నక్క.

చిలక వచ్చి కంప మీద వాలింది. "రండి, కూర్చోండి, కాళ్లు కడుక్కోండి!" అని గట్టిగా అంది. మేకలన్నీ నోళ్లు తెరిచాయి. మాట నేర్పడానికొచ్చి నోరే మెదపని ఆ కొంగెక్కడ, ఇదెక్కడ! ఆ సాయంత్రమే గడ్డపోతు కొంగను తరిమేసింది.

కొంగ వాదించలేదు. బూదెమ్మతో మాత్రం, "ఇంకా ముప్పై రెండు రోజుల చదువుంది. వచ్చినంతవరకు మరిచిపోకు" అని చెరువు వైపు వెళ్లిపోయింది.

"చూశారా, దొంగ కాబట్టే తలొంచుకుని పోయింది" అంది గడ్డపోతు.

చిలక పని చకచకా సాగింది. తుమ్మకాయ చూపించడం, "బొల్లీ!" అని పిలవడం, "ఉన్నా!" అనేదాకా కాయ ఇవ్వకపోవడం. వాడు గిట్టతో నేల గీకితే, "కాలు ఆడించకు, సిగ్గులేదూ?" అని తల మీద పొడిచేది. కోడి పక్కనే నిలబడి, "ఆకలైతే అదే వస్తుంది" అంటుండేది. ఆ చదువు దానికి బాగా నచ్చింది.

మూడో రోజుకు బొల్లి నోట్లోంచి బొంగురుగా ఆ ముక్క ఊడిపడింది. అమావాస్య నాటి సాయంత్రం కర్రి వాకిట్లో నిలబడి "బొల్లీ!" అంది.

"ఉన్నా!"

కర్రి గెంతింది. మేకలన్నీ గెంతాయి. గేదె మాత్రం మెల్లగా వాడి దగ్గరికి వెళ్లింది.

"దాహమా నాయనా?"

"ఉన్నా."

"కాలు నొప్పిగా ఉందా?"

"ఉన్నా."

"వీడికి మాట రాలేదు కర్రీ. మనం వినాలనుకున్నది వచ్చింది. చిలకను పంపిన ఆ నక్కకు వీడు పలకడం ఎందుకు కావాలో నాకు అర్థం కావడం లేదు" అంది గేదె.

కర్రికి ఒళ్లు మండింది. "అత్తా, నా కొడుకు పలికితే నీకు కడుపుమంటా? ఎనిమిది రోజులు నీడలు చూసి నువ్వేం నేర్పావు?"

ఆ మరుసటి సాయంత్రం మేకలు మేత నుంచి తిరిగొస్తుంటే బొల్లి వెనకబడి వాగులోకి దిగాడు. ఇసుకలో తవ్విన చెలమలో నీళ్లు తాగి తలెత్తేసరికి గట్టుకూ వాడికీ మధ్య నక్క నిలబడి ఉంది. అది మీద పడలేదు. తొందర లేనట్టు కూర్చుంది. ఇన్నాళ్లూ వాడు పలక్కపోవడం వల్లే దొడ్డి వాకిలి తెరిచి ఉండేది, అందరూ వెతుక్కుంటూ వచ్చేవారు. ఇప్పుడు అది ఎదురుచూస్తున్నది ఒక్క జవాబు కోసం.

వాకిట్లోంచి కర్రి పిలిచింది. "బొల్లీ!"

"ఉన్నా!"

"మూసేయండి" అంది గడ్డపోతు. కంప అడ్డం పడింది.

"ఆగండి. ఆ గొంతు లోపలి నుంచి రాలేదు, వాగు వైపు నుంచి వచ్చింది" అంది గేదె.

"మళ్లీ మొదలుపెట్టావా బూదెమ్మా? పలికాడు, అయిపోయింది."

"ఉన్నా!" అని మళ్లీ వినిపించింది.

కోడి మురిసిపోయింది. "విన్నారా, ఎంత హుషారో! పిలవకుండానే పలుకుతున్నాడు."

"ఉన్నా! ఉన్నా!"

ఈసారి ఆ గొంతు సన్నగా, చీరుకుపోయినట్టు వచ్చింది. గెంతబోయిన కర్రి ఆగిపోయింది. "ఎవరూ పిలవలేదు. ఎవరికి చెప్తున్నాడు వాడు?"

"మనకే. భయమైనా వాడికి చెప్పుకోవడానికి అదొక్కటే మిగిల్చారు" అంది గేదె.

కంప తీయడానికి నాలుగు మేకలు పట్టి లాగాలి. గేదె అంతసేపు ఆగలేదు. తల వంచి ముళ్లలోకే తోసుకుని అవతలికి వెళ్లిపోయింది. అది వాగులోకి దిగేసరికి నక్క బొల్లి మెడ పట్టుకుని ఈడుస్తోంది. గేదె కొమ్ము డొక్కలో దిగాక గాని నక్క వదల్లేదు. కుంటుతూ దిబ్బ వైపు పోయి, మళ్లీ ఆ వాగు దాటలేదు.

చిలక కోసం చూస్తే లేదు. వాగు పైన పళ్లు కాసే అత్తిచెట్టు దానికి కూలిగా చూపించింది నక్కేనని తర్వాత తెలిసింది.

"కొంగను అన్ని మాటలడిగాను. నక్కను ఒక్కటే అడిగాను" అంది గడ్డపోతు.

"ఆ ఒక్కదానికి నీకు నచ్చే జవాబు చెప్పింది" అంది గేదె.

మర్నాడు గడ్డపోతు స్వయంగా చెరువు దాకా వెళ్లింది. కొంగ దక్షిణానికి ఎగిరిపోయిందని అక్కడి తూనీగలు చెప్పాయి. మిగిలిన ముప్పై రెండు రోజుల చదువు ఆ దొడ్డిలో ఎవరికీ రాలేదు. ఉన్న ఎనిమిది రోజులదే గేదె ముందు కర్రికి, తర్వాత గడ్డపోతుకు నేర్పింది. కోడికి కూడా నేర్పింది, అది అయిదు ఊపిర్ల దాకా ఆగగలిగింది.

పిల్లల చేత పలికించాలనుకునేవాళ్లు ముందు వాళ్లు చెప్పేది వినడం నేర్చుకోవాలి.

బొల్లి బతికాడు. కంపలో ముల్లు దిగి బూదెమ్మకు ఎడమ కన్ను పోయింది.