వెఱపు పుట్టిన చోటు

పూర్వం, భయాన్ని జనం ‘వెఱపు’ అనే రోజుల్లో, గండరదేవుడనే రాజు ఉండేవాడు. తన రాజ్యంలో వెఱపే లేదు కాబట్టి ఆ మాట కూడా ఎవరి నోటా వినపడకూడదని చాటింపు వేయించాడు. ఒకనాడు గాలివానకు పడవ ఊగిపోతుంటే, ఏడుస్తున్న పిల్లలతో “వెఱపు వద్దు, ఒడ్డు చేరుస్తాను” అన్నందుకు పడవవాడు గవరయ్యను భటులు చెరలో వేశారు.

మొగుణ్ణి తీసుకునే ఇంటికి వెళ్ళాలని నిశ్చయించుకుని, అతని భార్య పోలమ్మ తిన్నగా కొలువుకు వచ్చింది.

“మా ఆయన చేసిన తప్పేమిటో నాకు తెలియాలి, ప్రభూ. ఆ మాట ఎలా రాస్తారో, అర్థమేమిటో, ఎక్కడ పుట్టిందో మీ పండితులను చెప్పమనండి.”

“చెప్పండి!” అన్నాడు రాజు.

పండితులు నేలచూపులు చూశారు. ఒకాయనకు చెమటలు పట్టాయి. ఎవరూ పెదవి విప్పలేదు.

“బండి ఱతో రాస్తారని వీళ్ళందరికీ తెలుసు,” అంది పోలమ్మ. “ఆ ముక్క కూడా చెప్పనివ్వకుండా వీళ్ళ నోళ్ళు నొక్కుతున్నదే దాని అర్థం. ఈ కొలువులో అది పుట్టింది మీ చాటింపులోంచే.”

రాజు పండితుల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. “గవరయ్యను విడిచిపెట్టండి” అన్నాడు.

పోలమ్మ కదల్లేదు. “రేపు ఇంకో పడవ ఊగుతుంది, ప్రభూ. ఆ మాటను కూడా విడిచిపెట్టండి.”

ఇక ఎవరైనా ఆ మాట అనవచ్చని చాటమన్నాడు రాజు. చాటింపువాడు డప్పు ఎత్తబోయి, ఆగి, చేతులు జోడించాడు.

“ఏలినవారు ముందు ఒక్కసారి అంటే…”

రాజుకు నవ్వు ఆగలేదు. సింహాసనం దిగి వచ్చి, అందరికీ వినపడేలా తనే “వెఱపు” అన్నాడు.