తుడిచేసిన ఉదయం

రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసే భానోజీకి సంగీతమంటే ప్రాణమే గానీ, ఎవరైనా మెచ్చుకుంటే తప్ప అతడికి హార్మోనియం మీద చెయ్యి ఆడేది కాదు.

అతడు చేసే సంగీతం మనం మామూలుగా వినే రకం కాదు. అందులో పాట ఉండదు, తాళం ఉండదు. హార్మోనియం మీద ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టి ఉంచేవాడు. దాని కింద వాన చప్పుడో, వంతెన మీద దూరంగా పోయే గూడ్సు బండి చప్పుడో సన్నగా కలిపేవాడు. అలా అరగంట, ముప్పావుగంట సాగేది. ఇలాంటి దాన్ని యాంబియంట్ సంగీతం అంటారు. చెవి ఒగ్గి వినక్కర్లేదు. మన పని మనం చేసుకుంటుంటే గదిలో గాలిలా అది తిరుగుతూ ఉంటుంది.

ప్రతి ఆదివారం అలాంటిది ఒకటి తయారుచేసి, ఇంటర్నెట్‌లో తన ఛానల్లో పెట్టేవాడు. ఏడుగురో తొమ్మిదిమందో వినేవారు. ఒకసారి కాలేజీ స్టాఫ్ రూములో అందరికీ వినిపించాడు. "మా ఇంట్లో ఫ్రిజ్ కూడా ఇలాగే పాడుతుందయ్యా!" అన్నాడు ఫిజిక్స్ మాస్టారు. అందరూ నవ్వారు. భానోజీ కూడా నవ్వాడు. ఆ వారం మాత్రం హార్మోనియం మీద కప్పిన గుడ్డ తీయలేదు.

"మీకు చేయాలనిపిస్తే చేయండి. మధ్యలో ఆ మాస్టారెందుకు?" అంది భార్య నాగలత.

"ఎవరూ బాగుందనకపోతే ఎవరి కోసం చేయాలి?" అన్నాడు భానోజీ.

గోదావరి మీద ఆనకట్ట కడుతున్నారనీ, ఎగువన గట్టు మీది ఊళ్లు కొన్ని మునిగిపోతాయనీ అందరూ చెప్పుకునే రోజులవి. ఆ వేసవి సెలవుల్లో భానోజీ లాంచీ ఎక్కి ఇప్పరేవు అనే చిన్న ఊరికి వెళ్లాడు. తెల్లవారుతుండగా రేవు మెట్ల మీద రికార్డరు పెట్టుకుని నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. రాళ్లకు నీళ్లు తగిలే చప్పుడు, పడవ తాడు కిర్రుమనడం, ఎక్కడో రోకటి పోటు, కోళ్లు, ఒకావిడ గట్టు మీద నుంచి ఎవరినో కేకేసి పిలవడం, అన్నీ అందులో పడ్డాయి. ఇంటికొచ్చి వాటి కింద హార్మోనియం స్వరం ఒకటి పరిచాడు. దానికి 'ఇప్పరేవు ఉదయం' అని పేరు పెట్టాడు.

మరుసటి ఏడాదికి ఇప్పరేవు లేదు. ఊరివాళ్లను ఎక్కడో మెరకలో కట్టిన కాలనీకి తరలించారు. ఇళ్ల మీదికి నీళ్లు వచ్చేశాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక ఆదివారం 'ఇప్పరేవు ఉదయం' కింద ఒక కామెంట్ కనబడింది. మడివి రాజేశ్వరి అనే ఆవిడ రాసింది. "బాగుందండి. ఇది మా ఊరు."

భానోజీ ఫోను పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు. "చూశావా! బాగుందట!"

నాగలత చెయ్యి తుడుచుకుని చదివింది. "వాళ్ల ఊరంట కదండీ," అంది.

"అవునవును. మొదటి మాట చూడు!"

అప్పట్నుంచి రాజేశ్వరి ప్రతి ఆదివారం ఒక మాట రాసేది. కొత్తగా ఏది పెట్టినా "బాగుందండి" అనేది. అంతకు మించి రాసేది కాదు. ఆ ఒక్క మాట భానోజీకి వారమంతా సరిపోయేది. ల్యాబులో పరీక్షనాళికలు కడుగుతూ కూనిరాగాలు తీసేవాడు. శుక్రవారం నుంచే ఆదివారం గురించి ఆలోచించేవాడు. నిజం చెప్పాలంటే ఆ ఏడాది అతడి పనితనం కూడా పెరిగింది.

ఉన్నట్టుండి ఒక ఆదివారం ఆ మాట రాలేదు.

ఊరెళ్లి ఉంటుందిలే అనుకున్నాడు. తర్వాతి ఆదివారమూ రాలేదు. మూడో వారం ల్యాబులో గంటకోసారి ఫోను తీసి చూడడం మొదలుపెట్టాడు. ఆవిడ ఎవరో, ఎలా ఉంటుందో అతడికి తెలియదు. అయినా ఇంట్లో మనిషి అలిగి వెళ్లిపోయినట్టు దిగులు పడ్డాడు.

"ఆవిడకి నచ్చడం మానేసిందంటావా?" అని నాగలతను అడిగాడు.

"ఏమండీ, ఆవిడకీ పనులుంటాయి. మీరే ఒక మాట రాసి, బాగున్నారా అని అడగొచ్చు కదా."

"నేనెందుకు అడగాలి? మెచ్చుకోమని అడుక్కున్నట్టుంటుంది," అన్నాడు భానోజీ.

రెండు నెలలు కష్టపడి కొత్తది ఒకటి చేశాడు. ధవళేశ్వరం దాకా వెళ్లి నీళ్ల హోరు పట్టుకొచ్చాడు. ఇప్పటిదాకా చేసినవాటిలో ఇదే గొప్పదని అతడికే అనిపించింది. ఆదివారం పొద్దున్నే పెట్టి ఎదురుచూశాడు. సాయంత్రానికి నలుగురు విన్నారు. ఆ నలుగురిలో ఒకడు భానోజీయే. కింద ఎవరూ ఏమీ రాయలేదు.

సోమవారం కాలేజీకి సెలవు పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఛానల్లో ఉన్న అరవై మూడింటినీ ఒక్కొక్కటిగా తీసేశాడు. నాగలత వచ్చి చూసి గాభరా పడింది.

"తీసేస్తే తీసేశారు, కంప్యూటర్లో అయినా ఉంచండి. అదేం తిండి అడుగుతుందా, బట్ట అడుగుతుందా?"

"ఎవరికీ అక్కర్లేనిది ఎక్కడుంటే ఏం?" అన్నాడు. కంప్యూటర్లోవి చెరిపేశాడు. రికార్డరులో ఉన్న మెమరీ కార్డు కూడా తీసి కంప్యూటరుకు పెట్టాడు. పూర్తిగా తుడిచేయాలా అని యంత్రం అడిగింది. అవునని నొక్కాడు. అరనిమిషంలో అయిపోయింది.

మొదటి రెండు రోజులు తల తేలికైనట్టనిపించింది. మూడో రోజు ల్యాబు రేకుల మీద వాన మొదలైంది. సన్నగా మొదలై, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడిచి వెళ్లే వాన. భానోజీ చెయ్యి దానంతటదే రికార్డరు కోసం జేబులోకి వెళ్లింది. జేబు ఖాళీ. వాన వెలిసేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి చప్పుడూ అతణ్ణి అలాగే పిలిచి పోయేది. చిన్నప్పుడు తప్పిపోయిన స్నేహితుడు జనంలో కనబడి మాయమైనట్టు ఉండేది. అయినా పంతం వదల్లేదు.

నాలుగు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఛానల్‌కు ఒక సందేశం వచ్చింది. రాజేశ్వరి రాసింది. "నమస్తే సార్. మీ సంగీతాలేవీ కనబడడం లేదు. మా ఫోను పాడైందా?"

భానోజీ గుండె ఒక్కసారి ఎగిరింది. వెంటనే చిన్న కసి కూడా కలిగింది. ఇప్పుడు తెలిసిందా అనుకున్నాడు. "ఎవరూ వినడం లేదని తీసేశాను," అని రాశాడు.

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. "మేము వింటున్నాం కదండీ," అని వచ్చింది. కింద ఫోను నంబరు ఉంది.

భానోజీ ఫోను చేశాడు. అటువైపు నెమ్మదైన గొంతు. తను కాలనీలో అంగన్‌వాడీ టీచరునని చెప్పింది.

"మరి రాయడం మానేశారేమమ్మా?"

"ఏం రాయాలో తోచలేదండి. ప్రతివారం అదే మాటంటే మీకు విసుగేమో అనుకున్నాను. ఇంట్లో రోజూ తినే అన్నానికి ఎవరం బాగుందని చెబుతామండి? అదీ అలాగే అయిపోయింది. వినడం మాత్రం మానలేదు. పొద్దు వాలేసరికి మా పెద్దవాళ్లంతా వచ్చేస్తారు. ఫోను స్టీలు బిందెలో పెడతాను, గట్టిగా వినబడుతుందని. పన్నెండుమంది కూర్చుంటారు."

"పన్నెండుమందా! నాకు ఒక్కరే విన్నట్టు కనబడేది."

"ఫోను ఒకటే కదండీ."

భానోజీ ఫోను చెవికి దగ్గరగా నొక్కుకున్నాడు. "అన్నీ వినేవారా?"

రాజేశ్వరి కాస్త తటపటాయించింది. "ఏమీ అనుకోకండి సార్. మిగతావి వింటుంటే ముసలాళ్లకు నిద్రొచ్చేసేది. రోజూ వినేది 'ఇప్పరేవు ఉదయం' ఒక్కటే. అందులో పదకొండో నిమిషంలో ఒకావిడ పిలుస్తుంది చూడండి, 'రాజీ, అన్నం గిన్నె మర్చిపోయావే' అని. అది మా అమ్మ. పిలిచింది నన్నే. నేనప్పటికే పడవెక్కేశాను. కాలనీకి వచ్చిన మొదటి చలికాలమే అమ్మ పోయింది. అమ్మ మాట ఇంకెక్కడా లేదండి. అదొక్కటే మళ్లీ పెట్టండి, చాలు."

"ఆదివారం నేనే వస్తానమ్మా," అని భానోజీ ఫోను పెట్టేశాడు.

ఆదివారం దాకా ఉన్న నాలుగు రోజులూ, తుడిచేసిన కార్డు పట్టుకుని ఊరంతా తిరిగాడు. కంప్యూటర్లు బాగుచేసే దుకాణాలన్నీ అడిగాడు. మూడు దుకాణాలవాళ్లు ప్రయత్నించి పెదవి విరిచారు. నాగలత ఒక్క మాట కూడా దెప్పలేదు. అది అతడికి ఇంకా కష్టంగా తోచింది.

ఆదివారం బస్సెక్కి కాలనీకి వెళ్లాడు. ఒకే రంగు వేసిన ఇళ్లు వరసగా ఉన్నాయి. చుట్టూ ఎక్కడా నీటి చప్పుడు లేదు. పెద్దవాళ్లు సిమెంటు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. రాజేశ్వరి బిందె తోమి తెచ్చి మధ్యలో పెట్టింది.

భానోజీ నిలబడే చెప్పాడు. "అది లేదమ్మా. కోపంలో నా చేతులతో నేనే తుడిచేశాను. తిరిగి రాదు."

రాజేశ్వరి బిందె తీసుకుని లోపలికి వెళ్లింది. చాలాసేపటిదాకా బయటికి రాలేదు. అందరిలోకీ పెద్దవాడు గంగులు తాత నేల వైపు చూస్తూ అన్నాడు.

"మా ఊరు మునగడం ఇది రెండోసారి బాబూ."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే భానోజీ తట్టుకునేవాడు. తిరుగు బస్సులో దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి రికార్డరు పట్టుకుని మళ్లీ కాలనీలో దిగాడు.

"తాతా, ఆ ఉదయాన్ని నేను తీసుకురాలేను. మీ చెవుల్లో మిగిలింది వినిపిస్తారా? నాకు చేతనైనట్టు చేస్తాను," అన్నాడు.

ముసలాళ్లు మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఒకరు పడవ తాడు ఇలా కిర్రుమనేదని గొంతుతో చేసి చూపించారు. అలా కాదు, అది ఎండలో చప్పుడు, పొద్దుటి చప్పుడు వేరని ఇంకొకరు సరిదిద్దారు. సిమెంటు నేల మీద రోకలి వేస్తే చప్పుడు కరుగ్గా వచ్చింది. మట్టి పోసి, తడిపి, మళ్లీ వేశారు. నీళ్ల దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. తొట్టిలో నీళ్లు చిలికితే ఏటి చప్పుడు రాదు కదా. భానోజీ మూడు రేవులు తిరిగి మూడు రకాల నీళ్లు తెచ్చి వినిపించాడు. మొదటి రెండూ కాదన్నారు. మూడోది వినగానే గంగులు తాత కళ్లు మూసుకుని తలాడించాడు.

రాజేశ్వరి మూడు వారాలు ఆ అరుగు వైపు రాలేదు. నాలుగో ఆదివారం వచ్చి ఒక పక్కగా కూర్చుంది. చేసినంతవరకూ విన్నది.

"అది కాదండి," అంది.

"కాదమ్మా," అన్నాడు భానోజీ.

"మీ అమ్మలా నేను పిలవనా రాజీ? ఆ యాస నాకొచ్చు," అంది పక్కింటి ముసలమ్మ.

రాజేశ్వరి తల అడ్డంగా ఊపింది. "వద్దు పెద్దమ్మా. సార్, ఆ పదకొండో నిమిషం దగ్గర ఏమీ పెట్టకండి. ఆ చోటు ఖాళీగా ఉంచండి. అక్కడ నేనే వింటాను."

భానోజీ అలాగే చేశాడు. అక్కడికి వచ్చేసరికి నీళ్లు, కోళ్లు, రోకలి అన్నీ ఆపి, హార్మోనియం స్వరం ఒక్కటే నాలుగు ఊపిరుల సేపు ఉంచాడు. సంగీతం ఛానల్లో పెట్టాడు. ఒక కాపీని కాలనీకి తీసుకెళ్లి వాళ్ల ఫోనులో దాచాడు. ఇంకొకటి నాగలతకు ఇచ్చి, "నాకు మళ్లీ కోపమొస్తే ఇది ఎక్కడుందో చెప్పకు," అన్నాడు.

కొత్త సంగీతం కింద ఎవరూ ఏమీ రాయలేదు. రెండు రోజులు భానోజీ ఫోను తీసి చూసిన మాట నిజమే. అలవాటు ఒక్కసారిగా పోదు. మూడో రోజు కాలేజీ నుంచి రాగానే హార్మోనియం మీద గుడ్డ తీసి, తర్వాతి ఆదివారానికి పని మొదలుపెట్టాడు. ఆ పని అతడు ఇప్పటికీ ఆపలేదు.

పిల్లలూ, ఈ కథ చెప్పే నీతి ఇది: మెప్పు ఆగిపోయిందని మంచి పనిని ఆపకూడదు, చేసినదాన్ని చెరపకూడదు, ఎందుకంటే దాన్ని మౌనంగా గుండెకు హత్తుకున్నవాళ్లు మన కంటికి కనబడనంత దూరంలో ఉంటారు.