మొదటి బావి మోకులమ్మ

“మునిగేవాడి మోకు వాడి బావమరిది చేతిలోనే ఉంటుంది. పని ముగిసేదాకా ఈ మాట తప్పను.”

కొంగలేటి రైలు వంతెన కట్టించిన ఇంజనీరు దొర, 1892 మాఘమాసంలో, జాలరిపేట పెద్దలు నలభై మంది ఎదుట అన్న మాట ఇది. అమ్మవారి గుమ్మానికి ఎడమవైపు గోడమీద ఎర్రమట్టితో రాసి ఉంటుంది. ఏటా వానకు కరిగిపోతుంది. ఏటా మళ్ళీ రాస్తారు.

కొంగలేరు హాల్టులో దిగి ఏటి ఇసుకలో మైలున్నర నడిస్తే, దూలాలు లేని పాత వంతెన స్తంభాలు పదకొండు కనిపిస్తాయి. గట్టున ఉన్న మొదటి స్తంభం మొదట్లో, దాని పునాది బావి అంచు మీదికి పద్దెనిమిది ఇనుప మెట్లెక్కితే, మోకులమ్మ సన్నిధి. ఇక్కడ విగ్రహం లేదు. గట్టిపడిన సున్నపు గచ్చులోంచి మూరెడు పైకి లేచిన తారు పూసిన మోకు ఒక్కటే ఉంది. భక్తులు దానినే అమ్మగా కొలుస్తారు. బావులు తవ్వేవారు, మురుగు కాలువల్లో దిగేవారు, కరెంటు స్తంభాలెక్కేవారు ఎక్కువగా వస్తారు. పట్టుచీరలు, కార్లు ఇక్కడ అరుదు.

పూర్వం ఇక్కడ వంతెన లేదు, పడవరేవు ఉండేది. రైలు వస్తుందనగానే ఏటికి అడ్డంగా పదకొండు బావులు దించడం మొదలుపెట్టారు. స్తంభం లేవాలంటే ముందు బావి దిగాలి. ఇసుకమీద ఇటుకబావి కట్టి, లోపలి ఇసుక తోడుతూ పోతే అది తన బరువుకు తానే కుంగుతుంది. గట్టినేల తగిలాక లోపల గచ్చు నింపుతారు. అడుగున బండో మానో అడ్డుపడితే మాత్రం మనిషి దిగి తొలగించాలి. అందుకోసం దొరల సీమనుంచి రాగిటోపీ, రబ్బరు గొట్టం, గాలికొట్టే మిషను వచ్చాయి. నీళ్ళలో మనిషి గంటసేపు ఊపిరి పీలుస్తాడట అని చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి బండ్లు కట్టుకొని వచ్చారు.

ఆ టోపీ పెట్టుకున్నవాడు జాలరిపేట సూరాడ ఎల్లాజీ. అతని భార్య అసిరి. ఆమె తమ్ముడు గరికిన మసేను.

ఆ పేటలో ఒక కట్టడి ఉండేది. లంగరు విడిపించడానికైనా, వల తప్పించడానికైనా, నీటిలోకి దిగేవాడి నడుముకు కట్టిన మోకును అతని బావమరిది మాత్రమే పట్టాలి. తోబుట్టువు పసుపుకుంకాలకు అతనికన్నా మెలకువగల కావలి ఎవరుంటారు? ఒకసారి లాగితే గాలి పెంచమని, రెండుసార్లు లాగితే పైకి తీయమని గుర్తు. దొర మొదట నవ్వాడు. మోకు చుట్టానికి ఇవ్వకపోతే ఎవరూ దిగరని తెలిశాక మాట ఇచ్చాడు.

తొలి నెలలు సవ్యంగా సాగాయి. మధ్యాహ్నం అసిరి అంబలి తెచ్చేసరికి బావాబావమరుదులు బావి అంచున కూర్చొని వాదులాడుకునేవారు.

“నిన్న పులుసులో నాకు చేప తల ఎయ్యలేదు బావా. ఇయ్యాల మోకు లాగాలా వొద్దా అని ఆలోచిస్తన్నాను.”

“లాగకు. మీ అప్ప నీ గుమ్మంలోకే వస్తాది. బతికినన్నాళ్ళు నువ్వే పెట్టుకో కూడు.”

“అమ్మో, లాగేస్తాను!”

అసిరి ఇద్దరినీ తిట్టేది. తిడుతూనే తమ్ముడి అరచేతులు తిప్పి చూసేది. మోకు ఒరుసుకొని కాయలు కాచి ఉంటే ఆమెకు నిశ్చింత.

ఆ ఏడు శ్రావణంలో వరద వచ్చి పని వెనకబడింది. మద్రాసునుంచి పెద్దదొర వచ్చి మొదటి బండి నడిపించే తేదీ మాత్రం మారలేదు. గట్టున గడియారం పెట్టారు. ఈల ఊదినప్పుడల్లా మనుషులను ఒక బావినుంచి మరో బావికి మార్చాలన్నారు. ఓవర్సీరు భగవాన్లు నాయుడు మసేనును అయిదో బావి దగ్గర గాలిమిషనుకు పంపి, ఎగువనుంచి వచ్చిన మట్టిపనివాడి చేతికి మోకు ఇచ్చాడు.

“మోకుకి చుట్టరికాలేటి? లాగడానికి రెండు చేతులుంటే చాలు” అన్నాడు.

దిగనంటే పేట మొత్తానికి పని ఉండదన్నాడు. ఎల్లాజీ మొదటి బావిలోకి దిగాడు. చెమటను ఆవిరిగా మార్చి, ఆవిరిని నాగరికత అని పిలిచే కాలం అది.

అసిరి ఆనాడు అంబలితో వచ్చేసరికి అంచున తమ్ముడు లేడు. కొత్త మనిషి ముఖం పాలిపోయి ఉంది.

“రెండుసార్లు లాగాడమ్మా. నాయుడుగారిని అడిగాను. బండ కదిలేదాకా ఆగమన్నారు.”

“ఆడు లాగితే నాయుడినడుగుతావేటిరా!”

ఆమె కుండ విసిరేసి మోకు అందుకుంది. ఆడది మోకు ముట్టడం ఆ పేటలో అదే మొదలు. ఆమె ఒక బారెడు లాగిందో లేదో, బావి ఒక్కసారిగా మూరెడు కుంగింది. అడుగునుంచి ఇసుక పొంగింది. మోకు బిగుసుకుపోయింది. మసేను పరుగున వచ్చి కలిసి లాగాడు. పదిమంది లాగారు. రాలేదు.

అసిరి మోకు చివర మణికట్టుకు చుట్టుకొని అక్కడే కూర్చుంది. భర్త బతికి ఉన్నాడని ఆమె అనలేదు. ఆమె అడిగింది ఒక్కటే. గచ్చు నింపేముందు అతన్ని పైకి తీయాలి. ఏటికి తిరుగుబాటు తెలియదంటారు. ఏటి ఒడ్డువాళ్ళకు తెలుసు. ఆ సాయంత్రమే మిగిలిన పది బావుల దగ్గరా మోకులు నేలమీద పెట్టి జనం లేచారు. ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఇవ్వడం తెలిసినవారు అప్పటికింకా పుట్టలేదు.

మూడోనాడు దొర వచ్చాడు.

“దొరా, ఆడిని పైకి తియ్యండి. ఆ తరవాత మీ బావిని గచ్చుతో నింపుకుంటారో, పాలతో నింపుకుంటారో మీ ఇష్టం.”

“తీస్తాం. తీశాకే నింపుతాం” అన్నాడు దొర.

ఆ మాట నమ్మి జనం పనిలోకి వెళ్ళారు. ఒకసారి తప్పినవాడి నోటిమాట రెండోసారి నమ్మడం, అలసిపోయినవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. ఇళ్ళలో గింజలు లేవు. మసేను కూడా వెళ్ళాడు.

నాలుగోనాడు పొద్దెక్కాక అసిరికి కన్ను మూతపడింది. కలలో గంగమ్మ కనిపించి, “మోకు వదలకు, నేను నీలో ఉన్నాను” అని ఆదేశించిందని బుర్రకథలవారు చెబుతారు. ఆమెను ఎరిగినవారి వాక్కు వేరు. మూడుదినాలు మేలుకున్న మనిషికి కల రాదు, ఉత్త చీకటి వస్తుంది. ఆమె లేచేసరికి ఆవలి అంచునుంచి తట్టలతో గచ్చు పోస్తున్నారు. అరిచింది. పోస్తూనే ఉన్నారు. గచ్చు అంచుదాకా నిండి మోకుచుట్టూ బిగిసేవరకు ఆమె పట్టు వదలలేదు. చివరకు మసేను వచ్చి, ఆమె మణికట్టుకూ గచ్చుకూ మధ్య మోకు కోసి, ఆమెను ఎత్తుకొని పోయాడు.

పెద్దదొర చెప్పిన తేదీకే వచ్చాడు. బండి నడిచింది. వంతెన కట్టినవారంటూ నిలిపిన రాయి మీద ఏడుగురి పేర్లు చెక్కారు. ఎల్లాజీ పేరు లేదు.

అసిరి అమ్మలో ఐక్యం కాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు చేపలమ్మి బతికింది. సంతనుంచి తిరిగి వస్తూ ఆ మోకుమీద కాసేపు చెయ్యి వేసి వెళ్ళేది. ఆమెను చూసి, బావిలోకి దిగే కూలీలు కూడా దానిని తాకి వెళ్ళసాగారు. ఆమె పోయిన ఏడాది పేటవారు గుడి కట్టారు.

నేటికీ ఆచారం తప్పలేదు. ప్రమాదపు పనికి పోయేవారు తమ మోకు పట్టే మనిషిని వెంట తెచ్చుకుంటారు. ఇద్దరూ అమ్మను తాకుతారు. పట్టేవారు, “లాగితే లాగుతాను. ఎవరినీ అడగను” అని మూడుసార్లు అంటారు. ఈ మాట నిలిచిన ఇంట అమ్మ కాపు ఉంటుందని పెద్దల నమ్మకం. మాట నిలవనిచోట అమ్మ చేయగలిగింది ఏమీ లేదు.

కొత్త లైను కోసం పాత స్తంభాలను పేలుడు మందుపెట్టి పగలగొట్టి, ఆ ముక్కలను రోడ్డుకింద పోస్తామని వంతెన ఆఫీసునుంచి నోటీసు వచ్చింది. మోకును కోసి తీసి, పాలరాతి మందిరంలో పెట్టుకుందామని గుడి సంఘంలో కొందరు అంటున్నారు. పాలరాయికి చందాలు కూడా మొదలయ్యాయి. అసిరి అడిగింది గుడి కాదు. గుడి పోతే పోనివ్వండి. మొదటి బావిని మందుపెట్టకుండా మనుషులచేత తవ్వించి, ఎల్లాజీని పైకి తీసి, సూరాడవారికి అప్పగించాలి. ఇది భిక్ష కాదు, హక్కు. పేటవారు పెట్టిన పదకొండు అర్జీలకు జవాబు రాలేదు. ఈసారి నోటిమాట చెల్లదు. ఆఫీసు ముద్రతో, సంతకంతో, రాతపూర్వకమైన జవాబు అమ్మవారి గుమ్మం దగ్గరికి చేరడానికి పేటవారు పెట్టిన గడువు: 2026 నవంబరు 30, సోమవారం, సాయంత్రం అయిదు గంటలు.