గాలి తుపాకి, రెండు గుండ్లు

గొర్లె పోలినాయుడు, గొర్లె తవిటినాయుడు అని ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్ళు. వాళ్ళకో జీడితోట. ఎంత తోటనుకున్నారు, ఈ చివర పొద్దున్న తుమ్మితే ఆ చివర వాళ్ళు సాయంత్రానికి 'చిరంజీవ' అనేవాళ్ళు. ఆ తోటకంటే పెద్దది తమ తెలివి మీద వాళ్ళకున్న నమ్మకం. తల వంచితే తెలివి ముక్కులోంచి కారిపోతుందని కిందపడ్డ జీడిపిక్కని కూడా వంగి తీసేవాళ్ళు కాదు, కాలివేళ్ళతో ఏరుకునేవాళ్ళు. పడుకునేటప్పుడు చెవుల్లో దూది. ఊళ్ళోవాళ్ళు నవ్వితే, "కుళ్ళురా తవిటీ" అనేవాడు పెద్దాడు. "కుళ్ళితే వాసన రావాలి కదన్నా, రాటంలేదే" అనేవాడు చిన్నాడు.

ఈ పోలినాయుడికి పక్కూరి సుబేదారు సూర్నాయుడి కూతురు గౌరీశ్వరి మీద మనసు పడింది. మామూలు మనసా అది. ఆ పిల్ల పేరు చెవినపడితే అన్నం వదిలేసి విస్తరాకు నమిలేసేవాడు. గౌరికీ ఇతనంటే ఇష్టమే. "ఆ ఇంట్లో నవ్వుకి లోటుండదు" అనేది.

సుబేదారు పటాళం నుంచి వచ్చేశాక ఆయనకి మిగిలింది ఒకటే సరదా. తన మామిడితోటలో ఖాళీ డబ్బాలు వరసగా పెట్టుకుని గాలి తుపాకితో పడగొట్టడం. పిట్ట జోలికి పోడు, ఉడత జోలికి పోడు. డబ్బాలే. ఆయన గురి ఎంతటిదంటే, ఈగ మీసం తెగిపోయినా ఈగకి తెలిసేది కాదు.

ఆయన పోలినాయుడిని పిలిచి తుపాకి చేతికిచ్చాడు. ఒక చిన్న డబ్బీ కూడా ఇచ్చాడు.

"నాకు ఆస్తులక్కర్లేదోయ్. ఆదివారం పూట నా పక్కన నిలబడి డబ్బా పడగొట్టే అల్లుడు కావాలి. మీ తోటలో సాధన చెయ్యి. వచ్చే ఆదివారం వస్తాను. ఒక్క డబ్బా పడిందా, గౌరి నీది. పడలేదా, శ్రీకాకుళం సంబంధం ఖాయం చేసేస్తాను. సరిగ్గా విను. గుండు లేకుండా తుపాకి పేల్చకూడదు, పాడైపోతుంది. పేల్చేటప్పుడు ఒక కన్ను మూయాలి. డబ్బా వెనక మట్టిగట్టుండాలి. గుండెళ్ళి ఆ గట్టులో దిగాలి తప్ప ఊరిమీద పడకూడదు."

"అన్నీ తలకెక్కాయి మావా" అన్నాడు పోలినాయుడు. ఎక్కిందేదో ఎక్కింది, కాకపోతే బోర్లా ఎక్కింది.

దారిలో అన్నదమ్ములిద్దరూ డబ్బీ తెరిచి చూశారు. నిండా బూడిదరంగు సీసం పలుకులు.

"ఇవేటన్నా?"

"విత్తనాల్రా. పటాళం రకం. మావ మనమీద ప్రేమకొద్దీ ఇచ్చాడు."

అంతే. దొడ్లో మడి కట్టి ఆ పలుకులన్నీ విత్తేశారు. నీళ్ళు పెట్టారు, కోళ్ళు రాకుండా కంప కొట్టారు. ఇక మిగిలింది గుండు. తిన్నగా మంగలి అసిరయ్య దగ్గరికెళ్ళి కూర్చున్నారు.

"ఇద్దరికీ నున్నగా గుండు గీసెయ్" అన్నాడు పోలినాయుడు.

అసిరయ్య కత్తి నూరుతూ, "అయ్యో బావూ, మీ ఇంట ఏదైనా జరిగిందా?" అన్నాడు.

"ఇంకా జరగలేదు. ఆదివారం జరుగుతాది. నువ్వూ రా."

అసిరయ్య చేతిలో కత్తి జారిపోయింది. చావుకి ముందే పిలుపు అందుకోవడం ఆయనకి అదే మొదలు.

రెండు గుండ్లూ ఎండలో తళతళలాడుతుంటే, గట్టు ముందు నూనెడబ్బా పెట్టి కొట్టడం మొదలెట్టారు. టప్ మంటుంది, డబ్బా కదలదు.

"ఏటీ పడదు తవిటీ?"

"గాలి తుపాకి కదన్నా, గాలే వస్తాది. కొంచెం గాలివాన రోజు చూసి కొడదాం."

కన్ను సంగతి మరీ కష్టమయింది. పోలినాయుడు ఒక కన్ను మూస్తే రెండోది కూడా తోడుగా మూసుకునేది. తమ్ముడు ఆలోచించి, చద్దన్నం మెతుకులు మెదిపి ఎడమకన్ను రెప్ప అంటించేశాడు. బ్రహ్మాండంగా అతుక్కుంది. డబ్బా మాత్రం పడలేదు.

ఇంకేముంది, ఆదివారం రానేవచ్చింది. "డబ్బా పడకపోతే గౌరి పోతాదిరా" అని ఏడుపు మొహం పెట్టాడు పోలినాయుడు. అప్పుడు వెలిగింది చిన్నాడికి.

"అన్నా, గుండు గట్టులో దిగాలన్నాడు కదా. నీ గుండింకా దిగనే లేదు."

"నిజమేరా. దిగని గుండుతో డబ్బా ఎలా పడతాది?"

అంతే. తుపాకి చెట్టుకి ఆనించేసి గట్టుకి అవతలిపక్క కన్నం తవ్వారు. పోలినాయుడు తెలివి కారిపోకుండా ముక్కులో కూడా దూది కుక్కుకుని, మెడదాకా తల గట్టులోకి దూర్చాడు. తమ్ముడు చుట్టూ మట్టి మెత్తాడు. సరిగ్గా అప్పుడే పాలు పోసే గవరమ్మ అటుగా వచ్చింది.

"తవిటీ, మీ అన్నేడిరా?"

"అన్న కన్నుమూశాడు అత్తా. గుండు ఇప్పుడే గట్టులో దిగింది."

గవరమ్మ వాడి గుండు చూసింది, చెట్టుకానించిన తుపాకి చూసింది. పాలచెంబు అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆవిడ గొంతు అలాంటిలాంటిది కాదు, పక్క జిల్లాలో పశువులు కూడా మేత మానేశాయి. గడియలో ఊరంతా తోటలో ఉంది. అసిరయ్య 'నాకు ముందే చెప్పార్రా' అని గుండెలు బాదుకుంటున్నాడు. సుబేదారు పూలదండతో వచ్చాడు, వెనకాల గౌరి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. అందరూ గట్టు చుట్టూ చేరి గొల్లుమన్నారు.

గట్టులోంచి తల బయటికొచ్చింది. ఒక కన్ను అతుక్కునుంది, ముక్కునిండా దూది.

"ఎవరు పోయారు మావా?"

"నువ్వే పోయావటోయ్" అన్నాడు సుబేదారు, దండ చేత్తో పట్టుకునే.

పోలినాయుడు కూలబడిపోయాడు. "నిన్న కూడా బాగానే ఉన్నానే. తవిటీ, నాకు కబురైనా పెట్టలేదేరా."

"గట్టులో ఉన్నావు కదన్నా, వినపడదని ఊరుకున్నాను."

ఏడుస్తున్న గౌరికి ఎక్కిళ్ళమధ్య నవ్వొచ్చేసింది. సుబేదారుకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. తనిచ్చిన గుండ్లేవని అడిగితే, మొలకలింకా రాలేదన్నారు అన్నదమ్ములు. ఆయన దండ విసిరికొట్టి, "ఇక శ్రీకాకుళం సంబంధమే" అన్నాడు.

"గుండంటే ఏదో మీరు చూపించి చెప్పారా నాన్నా?" అంది గౌరి. "తప్పు మీది కూడా. ఒక్కసారి కొట్టనివ్వండి."

కూతురి మాట తీసెయ్యలేక, ఆయన జేబులోంచి ఒక పలుకు తీసి తనే తుపాకిలో పెట్టాడు. జనాన్నందరినీ వెనక్కి జరిపాడు. "ఒక్కటే. తప్పిందా, ఇంటికి పోతాను."

పోలినాయుడు తుపాకెత్తాడు. రెప్ప ఎలాగూ అతుక్కునే ఉంది. జనం ఊపిరి బిగబట్టారు. ఎంత బిగబట్టారంటే తోటలో ఆకు కదలడం మానేసింది. టప్.

డబ్బా ఠంగుమని ఎగిరి బోర్లాపడింది.

సుబేదారు వచ్చి కాబోయే అల్లుడి భుజం తట్టాడు. "గెలిచావోయ్. మరి పప్పన్నం ఎప్పుడు పెట్టించమంటావు?"

పోలినాయుడు మొహం చిట్లించాడు. "పప్పన్నమా? నాకొద్దు మావా. అస్సలు పడదు, కడుపు ఉబ్బరిస్తాది. మా తమ్ముడికి పెట్టండి."

"తమ్ముడికా? నీకొద్దా?"

"ఎప్పటికీ వద్దు. మొహమాటపడితే తర్వాత బాధపడేది నేనే కదా."

గౌరి మొహం ఎర్రబడింది. ఇంత చేసి దక్కించుకున్నవాడు ఊరందరి ముందు వద్దంటాడా. "సరే నాన్నా, ఆ రెండో ఆయనకే పెట్టండి" అంది.

"పెట్టండి మావా," అన్నాడు తవిటినాయుడు సంబరంగా, "నెయ్యి మాత్రం దండిగా వెయ్యాలి."

ఇంకేముంది, పందిళ్ళు లేచాయి, బాజాలు మోగాయి. తవిటినాయుడికి బాసికం కట్టారు, పక్కన గౌరిని కూర్చోబెట్టారు, తాళి చేతికిచ్చి కట్టమన్నారు. అన్నం పెట్టేముందు ఇన్ని పనులు చెప్పే ఇల్లు తనెక్కడా చూడలేదని గొణుక్కుంటూనే కట్టాడు.

భోజనాల్లో పోలినాయుడు పప్పుగిన్నె పట్టుకుని, అందరికంటే హుషారుగా వడ్డిస్తూ పెళ్ళికూతురి విస్తరి దగ్గరికొచ్చాడు. గరిటె మీద గరిటె కుమ్మరించాడు.

"కడుపునిండా తినెయ్ గౌరీ" అన్నాడు ప్రేమగా. "మన పెళ్ళిలో నేను పప్పు వండనివ్వను."